కంచంలో ఎడమ సగం

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మా ఆయన కంచంలో సగమే తింటున్నాడు. కుడి పక్క అన్నం, కూర ఊడ్చినట్టు అయిపోయేవి. ఎడమ పక్కవి పెట్టినవి పెట్టినట్టే ఉండేవి, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు మధ్యలో గట్టు. అంత అన్నం కళ్ళెదుట పెట్టుకుని "ఇంకాస్త పెట్టవోయ్" అని అడిగేవాడు. మా అత్తగారు వంగి కంచం చూసి, ఉప్పు చాలినట్టు లేదంది. మర్నాడు ఉప్పు సరిచేశాను. సగమే తిన్నాడు. కారం తగ్గించాను, కూర మార్చాను, రెండు కూరలు చేశాను, అన్నం పసిపిల్లలకి పెట్టినట్టు మెత్తగా మెదిపాను. పదకొండు రోజులు పొయ్యి దగ్గర నా మీద నేనే పరీక్షలు పెట్టుకున్నాను. ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే, నేను బళ్ళో జీవశాస్త్రం చెప్తాను. పెద్దమెదడులో కుడి సగం ఒంట్లో ఎడమ పక్కని, ఎడమ సగం కుడి పక్కని ఏలుతాయని, నాడులు అడ్డంగా దాటే దారిని రంగు సుద్దలతో గీసి పంతొమ్మిదేళ్ళుగా చూపిస్తున్నాను. ఆయన మెదడులో రక్తం గడ్డకట్టింది కుడి పక్కనే. అది నాకు తెలుసు. అయినా కంచంలో అన్నం మిగిలిందంటే నాకు తట్టింది ఒక్కటే, నా వంట బాగాలేదని.

పన్నెండో రోజు కంచం తియ్యబోతుంటే అది చేతిలో గిర్రున తిరిగింది. ఎడమ సగం కుడికి వచ్చింది. "అరే, ఇంకా ఉందే" అని ఆయన ఆ సగమూ తినేశాడు. నేను తడి చేతులతో అట్లాగే నిలబడిపోయాను. గడ్డం కుడి చెంప మీదే గీసుకోవడం, పేపరు చదువుతూ వాక్యాలకి మొదళ్ళు లేవని అచ్చువాళ్ళని తిట్టడం, ఒక కాలికే చెప్పు తొడుక్కుని లేవబోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ కంచం తిప్పడం మొదలుపెట్టారు. మా అత్తగారు ఒక అడుగు ముందుకేసి మంచం మొత్తం తిప్పించింది, గుమ్మం ఆయనకి కుడి పక్కకి వచ్చేట్టు. మంచినీళ్ళు, ఫోను, కళ్ళజోడు, మేమందరం కుడి పక్కకి మారిపోయాం. నేను పొరపాటున ఎడమ పక్క నిలబడి పలకరిస్తే ఆయన పలికేవాడు కాదు. "అటెందుకు నిలబడతావమ్మాయ్, ఇటు రా" అనేది అత్తగారు. వెళ్ళేదాన్ని.

మూడో వారంలో ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, జుట్టు పైకి ముడేసుకుని, మనిషి గాలికి లేచిపోయేట్టు ఉంది గానీ ఆయన్ని ఒంటి చేత్తో లేపి కూర్చోబెట్టింది. ఇంటి ఏర్పాటంతా ఒకసారి చూసి, డిశ్చార్జి కాగితంలో రాశారు కదా, ఎవరూ చదవలేదా అని అడిగింది. ఆ కాగితం మా మరిది బీరువాలో భద్రంగా ఉంది, ఇంటి పత్రాలూ మగవాళ్ళ సంతకాలూ ఉండే అరలో. నాకెవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

"ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి టీచర్," అంది ఆ అమ్మాయి. "ఎడమ పక్క ఉన్నది కంట్లో పడుతూనే ఉంది. మెదడే పట్టించుకోవట్లేదు. అటు పక్క అనేది ఒకటి ఉందనే ఆయనకి తెలీదు. లేదనుకున్నదాన్ని ఎవరు వెతుకుతారు చెప్పండి?"

అందుకే కదా మేం కంచం తిప్పి పెడుతున్నాం అంది అత్తగారు, మెప్పు కోసం చూస్తూ.

"కంచం తిప్పకండి అమ్మమ్మగారూ, మనిషిని తిప్పండి. నీళ్ళూ, మాటా, మనిషీ, అన్నీ ఎడమ పక్క నుంచే రావాలి. ఆయన తిరిగేదాకా ఆగాలి. మీరే కుడి పక్కకి పరిగెడుతుంటే ఆ మెదడుకి తిరగాల్సిన అవసరం ఏముంది?"

ఆ మాట గిన్నెలు తోముతున్నంతసేపూ నాతోనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో కంచం తిప్పుతున్నది నేనే కదా. ఆయనకి కోపమొచ్చే మాట ఉంటే దాన్ని తిప్పి తిప్పి నున్నగా చేసి చెప్పాను. నా జ్వరాన్ని ఆయన సెలవు రోజుకి జరిపాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి ఉంటే అందరూ తిని లేచాక అదే బల్ల తుడిచి దిద్దాను. చుట్టాలొస్తే ఆయన నన్ను చూపించి, మా ఆవిడకి ఎనిమిదో తరగతి దాకా ప్రపంచంలో తెలియనిది లేదు అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేను మంచినీళ్ళు తెచ్చే వంకతో లేచి నవ్వేదాన్ని. తర్వాత ఆ పేరే నిలిచిపోయింది. ఫోనులో స్నేహితులతో "ఉండరా, మా ఎనిమిదో తరగతిని అడుగుతా" అనేవాడు. మా నాన్న నాగలి కట్టేటప్పుడు ఎడమ పక్కకి అలవాటైన ఎద్దుని దాపటెద్దు అనేవాడు. దాన్ని వలపట, అంటే కుడి పక్క, కడితే అడుగు కదపదు. అలవాటు దాని మెడలోకి దిగిపోయి ఉంటుంది. నా అలవాటు ఎక్కడికి దిగిందో నాకు బాగా తెలుసు, ఆ బొమ్మ నేను ఏటా గీస్తాను. వేడి గిన్నె తగిలితే జ్ఞాననాడి కబురు మోసుకెళ్తుంది, వెన్నుపాము అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తుంది, చాలకనాడి చేతిని వెనక్కి లాగేస్తుంది. మెదడుకి ఆ సంగతి ఆ తర్వాతే తెలుస్తుంది. అసంకల్పిత ప్రతీకార చర్య అంటారు దీన్ని అని పిల్లలచేత మూడేసిసార్లు పలికిస్తాను. ఆయన "ఏమోయ్" అంటే నేను లేచేది అట్లాగే. కాళ్ళు వంటింట్లో ఉండేవి, ఎందుకు వచ్చానో బుర్ర తర్వాత కనుక్కునేది. కాకపోతే వేడికి చెయ్యి లాక్కోవడం పుట్టుకతో వచ్చింది, నా లేవడం నేర్పితే వచ్చింది. గంట కొట్టి తిండి పెడుతుంటే కొన్నాళ్ళకి గంట మోతకే కుక్కకి నోరూరుతుంది, అది నిబంధిత ప్రతీకార చర్య, అదే పాఠంలో రెండో పేజీ. కుక్కకి తిండైనా పెట్టారు.

ఒక నాడీకణానికీ ఇంకో నాడీకణానికీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. కబురు ఆ ఖాళీ దాటాలి. దాన్ని నాడీసంధి అంటాం. పిల్లలు ఎప్పుడూ ఆ రెంటినీ అతికించేసి గీస్తారు, నేను ఎర్ర పెన్నుతో మధ్యలో గీటు పెడతాను. నాకిప్పుడు కావలసింది అంతే, పిలుపుకీ లేవడానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ. మర్నాటి నుంచి మొదలుపెట్టాను. ఆయన మంచానికి ఎడమ పక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిలిస్తే ఎడమ నుంచే పలికాను. నీళ్ళు ఎడమ పక్కనే పెట్టాను. తిరిగేదాకా ఆగాను. మొదట్లో ఆయన కుడి పక్క గాల్లో చెయ్యి తడుముతుంటే, నా తొడలు వాటంతటవే కుర్చీ మీద నుంచి లేచేవి, వాటిని కూర్చోబెట్టడానికి పది లెక్కపెట్టేదాన్ని. మొగుడు పిలుస్తుంటే బొమ్మలా కూర్చుంటుంది, ఇదెక్కడి వైద్యమో అని అత్తగారు పక్కింటామెతో నాకు వినపడేట్టే అంది. పదిహేనో రోజున ఆయన గడ్డం రవంత ఎడమకి కదిలింది. గ్లాసు దొరికింది. ఆ సంగతి ఎవరూ చూడలేదు, నేను చూశాను.

నా సెలవు అయిపోయి రేపు సోమవారం బడికి వెళ్ళాలనగా ఆదివారం పొద్దున మా మరిది వచ్చాడు. పక్క వీధిలోనే ఉంటాడు. మధ్యాహ్నం దాకా ఖాళీయే, పని రెండింటికి మొదలు. చేతిలో టైపు చేయించిన కాగితం ఉంది. దాన్ని మంచానికి కుడి పక్క స్టూలు మీద పెట్టి, పైన పెన్ను కూడా పెట్టాడు. కూర్చుని నన్ను పొగడటం మొదలుపెట్టాడు. మీ అంత ఓపిక ఎవరికుంటుంది, అన్నయ్యకి మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పట్టదు, ఎనిమిదో తరగతి పాఠాలదేముంది ఎవరైనా చెప్తారు, ఇలా. ఇంటావిడని అంత పొగుడుతున్నారంటే ఏదో బరువు మోయించబోతున్నారని ఈ వయసుకి నాకు తెలుసు. మంచం మీదుగా చెయ్యి చాపి కాగితం తీసి చదివాను. నా ఉద్యోగానికి నా రాజీనామా. కారణం దగ్గర, నరాల బలహీనత వల్ల పాఠం మీద ధ్యాస నిలపలేకపోతున్నాను అని ఉంది.

"నరాల బలహీనత ఎవరికి?" అన్నాను.

"ఊరికే వదినా, ఆఫీసు మాట. ఇంట్లో మనిషికి బాగాలేదంటే ఇంకో నెల సెలవు తీసుకోండంటారు. మీకే బాగాలేదని రాస్తే వెంటనే ఒప్పుకుంటారు. ఒక్క సంతకం."

సంచీలోంచి ఎర్ర పెన్ను తీశాను. ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన పెద్దగా తప్పు గుర్తు పెట్టాను. "రక్తం గడ్డకట్టింది మీ అన్నయ్య మెదడులో. బలహీనత నా నరాలకి రాశారు. నా క్లాసులో ఎవరైనా ఇట్లా రాస్తే సున్నా వేస్తాను," అని కాగితం అతని చేతికిచ్చాను.

మరిది కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అత్తగారు మాత్రం తొణకలేదు. ఆడవాళ్ళం మనకెందుకు, ఇంటి యజమాని వాడు, వాణ్ణే అడుగుదాం అంది. మరిది అన్నగారి వైపు వంగి, వదిన బడి మానేస్తే నీకు మంచిది కదా అన్నాడు. ఆయన తమ్ముడినే చూస్తూ, "బడి దేనికి, ఇంట్లోనే బోలెడు పనుంది," అన్నాడు. "ఏదీ, ఎక్కడుంది? పిలువు, నేనే చెప్తా."

నేను ఆయనకి మూరెడు దూరంలో ఉన్నాను. నా చీర కుచ్చెళ్ళు ఆయన దుప్పటికి తగులుతున్నాయి.

"ఇక్కడే ఉన్నాను," అన్నాను.

ఆయన తల కుడికి తిరిగి, గుమ్మం దాకా వెతికి వచ్చింది. "ఇటు రా అమ్మాయ్, వాడికి కనిపించేట్టు వచ్చి చెప్పు, ఇదేం మొండితనం," అంది అత్తగారు. పడతాడేమో వదినా అన్నాడు మరిది. నాలుగడుగులు వేస్తే మంచం చుట్టి వెళ్ళచ్చు. ఇన్నేళ్ళూ వేసిన అడుగులే. నేను వెయ్యలేదు. "ఇక్కడే ఉన్నాను, ఇటు తిరగండి," అన్నాను మళ్ళీ, అంతే గొంతుతో. ముందు ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి, తర్వాత గడ్డం కదిలింది, పాత తలుపు తెరుచుకున్నట్టు ఆగి ఆగి మెడ తిరిగింది, చివరికి కళ్ళు నా మీద పడి నిలిచాయి. సగం గీసిన గడ్డంతో, దారి తప్పినవాడిలా నన్ను చూశాడు.

"నువ్వెప్పుడొచ్చావు?"

దానికి నా దగ్గర ఇరవై రెండేళ్ళ జవాబు ఉంది. అది చెప్తే నాకు ఏడుపొస్తుంది, ఏడిస్తే మాట అక్కడే ఆగిపోతుంది. అందుకని అది పక్కన పెట్టాను.

"రేపట్నుంచి బడికి వెళ్తున్నాను. సాయంత్రం అయిదింటికి వస్తాను. పొద్దున మీ తమ్ముడు ఉంటాడు, మధ్యాహ్నం మీ అమ్మ ఉంటుంది. కంచం ఎవరూ తిప్పరు. ఎడమ పక్క తినడం మీరు నేర్చుకోవాలి."

"మరి నాకు నువ్వు కావాలంటే?"

"ఇటు తిరిగి పిలవండి."

ఆయన తల మళ్ళీ కుడికి జారబోతోంది. నేను కుర్చీని ఇంకో మూరెడు ఎడమకి లాక్కుని కూర్చున్నాను.