మారిషస్ కట్టలు

మేత కంపెనీ వాళ్ళు పంపిన రంగుల కాగితం వీర్రాజుగారి షాపులో లక్ష్మీదేవి పటం పక్కనే అంటించి ఉండేది. నీలం సముద్రం, తెల్లటి ఇసుక, నీళ్ళమీదకి వంగిన కొబ్బరిచెట్టు. నెలాఖరులోగా టార్గెట్ పూర్తిచేసిన డీలరుకి, ఆయన భార్యకి మారిషస్ యాత్ర ఉచితమని కింద రాసి ఉంది. రొయ్యల మేత కోసం వచ్చిన ప్రతి రైతూ ముందు ఆ కాగితం చూసి, తర్వాతే రేటు అడిగేవాడు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కణ్ణే. జువాలజీ చదివానని వీర్రాజుగారు పిలిచి ఉద్యోగమిచ్చారు. కలిదిండి చుట్టుపక్కల చెరువులు తిరిగి, రొయ్య ఎలా ఉందో చూసి, మేత ఎంత వెయ్యాలో రైతుకి చెప్పడం నా పని.

"పృథ్వీ, రేపు ఏలూరెళ్ళి, ఆ మారిషస్‌కి మన డబ్బు పెట్టుకుని వెళ్తే ఎంతవుద్దో కనుక్కురా," అన్నారొకరోజు.

"మనకి ఉచితం కదండీ?"

"ఉచితమేలే. ఎంతది ఉచితమో తెలియొద్దూ? మా తోడల్లుడు బ్యాంకాక్ వెళ్ళొచ్చి లక్ష రూపాయల ట్రిప్పని ఊరంతా చెప్పుకుంటన్నాడు. నన్నడిగితే నేనేం చెప్పను?"

షాపు వెనకే వాళ్ళ ఇల్లు. హాల్లోంచి ఆయన భార్య సుబ్బాయమ్మగారు అందుకున్నారు.

"ఆ లక్షలో మా చెల్లి పుష్పలత అక్కడ కొన్న గొడుగు కూడా ఉందిలెండి. వానొచ్చినా రాకపోయినా వేసుకొస్తంది. అయినా నేను పుట్టింది కొల్లేటికోటలో. చుట్టూ నీళ్ళే. పెళ్ళిచేసుకుని ఆ నీళ్ళు దాటించి, ఇన్నాళ్ళకి మళ్ళీ నీళ్ళ మధ్యకే తీసుకెళ్తారంట ఈయన!"

వీర్రాజుగారు నవ్వారు. నేను బయల్దేరబోతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. "బాబూ, ఇసకలో నడవడానికి వేరే చెప్పులుంటాయంట. ఏలూర్లో కనపడితే ఒక జత తే."

పవర్‌పేట స్టేషన్ దగ్గర ఫయాజ్‌గారి ట్రావెల్స్. ఆయన దగ్గర ఎక్కువగా బస్సు టిక్కెట్లే అమ్ముడవుతాయి. మారిషస్ అనగానే కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఇద్దరు ఒక గదిలో ఉంటే తలకి నలభై వేల దాకా అవుద్దండి. ఒక్కరే వెళ్తే గది అద్దె మొత్తం ఆ ఒక్కరి మీదే పడుద్ది. మూడు గంటల దూరంలో ఉన్న ఊరు కాదు కదండీ, సముద్రం మధ్యలో ఎక్కడో విసిరేసినట్టుంటుంది. విమానం తప్ప దారి లేదు. సగం డబ్బు దానికే."

"అందులో అన్నీ ఉంటాయాండీ?"

ఫయాజ్‌గారు నా ముఖంలోకి చూశారు. "అందరూ అలాగే అడుగుతారండి. ప్యాకేజీలో ఏముందో అడక్కూడదు, ఏం లేదో అడగాలి. బొంబాయి దాకా వెళ్ళి రావడం లేదు. మధ్యాహ్నం భోజనం లేదు. పడవ ఎక్కితే వేరే. ఉచితమని రాసిన కాగితానికైనా ఇదే లెక్కండీ. ఎవరో ఒకరు కట్టకుండా విమానం లేవదు."

చెప్పులు కొని బస్సెక్కాను. కైకలూరు దాకా వాన జల్లు. కిటికీ రేకు దించినా నీళ్ళు మోకాళ్ళమీద పడుతూనే ఉన్నాయి. ఫయాజ్‌గారి మాట బుర్రలోంచి పోవడం లేదు. మా కాగితంలో ఏం లేదు?

టార్గెట్ కోసం వీర్రాజుగారు కంపెనీ దగ్గర అవసరానికి మించి రెండు లారీల మేత కట్టలు, అంటే బస్తాలు, ఎత్తారు. గొడౌన్ నిండిపోయింది. మిగిలింది రైతుల షెడ్లలో దింపించారు. అరువుకే. అడగడానికి వెళ్ళింది నేనే. ఒక్కరూ కాదనలేదు. "మన షాపాయన విమానం ఎక్కితే మనకీ పేరేగా" అని నవ్వుతూ దింపించుకున్నారు. అందరికంటే ఎక్కువ తీసుకున్నది దేవదానం బాబాయ్. కిందటేడు రోగమొచ్చి ఆయన చెరువు ఖాళీ అయినప్పుడు ఏ షాపూ అరువివ్వలేదు. వీర్రాజుగారు ఇచ్చారు. ఈసారి పంట పోతే ఆ కౌలు చెరువు ఆయన చేతిలో ఉండదు.

మర్నాడు పొద్దున్నే ఆ చెరువుకి వెళ్ళాను. ముసురు పట్టి నాలుగో రోజు. ఎండ జాడ లేదు. గట్టు పొడుగునా తెల్లకొంగలు బారులు తీరి ఉన్నాయి. అవి అలా చేరాయంటే రొయ్య పైకి తేలుతున్నట్టే. బాబాయ్ పెంచే నీలకంఠ రకం రొయ్యలు గాలి చాలక అంచుకి వచ్చి, మీసాలు పైకి పెట్టి గడ్డిని పట్టుకుని ఉన్నాయి.

మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో తాడుతో దించే వల పళ్ళెం ఉంటుంది. చెక్ ట్రే అంటారు. దాన్ని పైకి లాగాను. రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది, ఉబ్బిపోయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ముసురులో రొయ్య సరిగా తినదు; తినని మేత అడుగున కుళ్ళి నీళ్ళలో గాలి లేకుండా చేస్తుంది.

"బాబాయ్! ముసురులో ఇంత మేతేంటి? సగం కూడా వెయ్యొద్దన్నానుగా?"

దేవదానం బాబాయ్ నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళాడు. కప్పులోంచి కారుతోంది. కింది వరస కట్టలకి పచ్చటి బూజు మొదలైంది.

"చూశావా? ఉంచితే పాడైపోద్ది. మేత పారబొయ్యడం పాపం బాబూ. అందుకే గబగబా వేసేస్తన్నా."

"ఇదీ పారబొయ్యడమే బాబాయ్. చెరువులో పోస్తున్నారంతే. ఆపేసి, మిగిలినవి వెనక్కిచ్చెయ్యండి."

"వెనక్కిస్తే ఆయన టార్గెట్ పోదూ? పాపం, సంచీ కూడా సర్దుకున్నాడంట. ఎక్కబోయే మనిషిని మెట్లమీంచి లాగెయ్యమంటావా?"

"టార్గెట్ కంపెనీ దగ్గర ఎత్తిన దానికే బాబాయ్. మీరు వెనక్కిచ్చినా పోదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వు మా పిల్లాడివే, చదువుకున్నావు. కానీ షాపు నీది కాదుగా. ఆయనొచ్చి చెప్పమను, ఆపేస్తా."

సైకిలు ఎంత తొక్కినా షాపు రావడం లేదనిపించింది. వెళ్ళేసరికి వీర్రాజుగారు పాస్‌పోర్టు ఫొటో చూసుకుంటున్నారు. చెప్పాను. ఆయన ఫొటో బల్లమీద పెట్టారు.

"తీసుకుంటే ఎక్కడ పెడతాం? ఒక్కడికి తీసుకుంటే అందరూ మోసుకొస్తారు. బూజు పట్టింది కంపెనీ ముట్టుకోదు."

"మీ ట్రిప్పు పోదు కదండీ."

"ట్రిప్పు పోదురా, డబ్బు పోద్ది!" ఫొటో మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఏలూర్లో ఎంతన్నాడు?" అన్నారు.

"తలకి నలభై వేల దాకానండి. బొంబాయి దాకా ఖర్చు, మధ్యాహ్నం భోజనాలు, పడవలు అందులో లేవండి."

"ఇంకా?"

"దేవదానం బాబాయ్ చెరువు కూడా అందులో లేదండి."

"చదువుకున్నావని మాటలు బాగా వచ్చినియ్!" అని ఒక్కసారిగా లేచారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఇంటికెళ్ళి నాన్నకి ఏం చెప్పాలో కూడా ఆలోచించేశాను. ఆయన చొక్కా తగిలించుకుని బండి తాళం తీశారు.

"నిలబడ్డావేం? ఎక్కు."

చెరువు గట్టున దిగి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, వీర్రాజుగారు నీళ్ళలోకి దిగారు. చెక్ ట్రే లాగి చూశారు. అడుగు బురద గుప్పెడు తీసి వాసన చూసి విసిరికొట్టారు. షాపు పెట్టకముందు ఆయనా చెరువులు చేసినవాడే.

"దేవదానం, నీకు బుద్ధుందా?"

"మీరు వెళ్ళాలనండీ..."

"నేనక్కణ్ణుంచి ఫోన్ చేస్తే చెరువంతా చచ్చి తేలిపోయిందండీ అని చెప్తావా? ఆ మాట వినడానికా నేను సముద్రం దాటేది? ఇంజన్ వెయ్యి, కాలవనీళ్ళు తిప్పు. ఆ కట్టలు నావి. గుప్పెడు కూడా ముట్టుకోకు."

డీజిల్ ఇంజన్ మోత మొదలైంది. సాయంత్రానికి ట్రాక్టర్ నిండా కట్టలు షాపు ముందు దిగాయి. ఆయన అన్నట్టే, మర్నాటి నుంచి మిగతావాళ్ళూ తెచ్చారు. వద్దనలేకపోయారు. గొడౌన్‌లో చోటులేక వసారా నిండింది, తర్వాత హాలు నిండింది. టీవీ ముందు కట్టలు, మంచం కింద కట్టలు. మేతలోని ఎండుచేపల పొడి వాసన దిండ్లకి కూడా పట్టింది.

"ఈ వాసనతో విమానమెక్కితే పక్కవాళ్ళు దిగిపోతారండీ," అన్నారు సుబ్బాయమ్మగారు. అయినా ఆ కట్టల మధ్య సందులోనే కొత్త చెప్పులు వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకున్నారు.

నేను మాత్రం పొద్దునా సాయంత్రం ఆ చెరువు దగ్గరే. కొన్ని రొయ్యలు పోయాయి. మిగతావి అంచు వదిలి లోపలికి వెళ్ళినా నాకు నమ్మకం కుదర్లేదు. కొంగ ఎగిరినా, మబ్బు కమ్మినా గట్టుమీదకి పరిగెత్తేవాణ్ణి. మూడో రోజు కొంచెం మేత వేసి ట్రే దించాం. లాగి చూస్తే నాకినట్టు ఖాళీగా ఉంది.

"ఆకలేస్తందంట," అన్నాడు దేవదానం బాబాయ్, కళ్ళు తుడుచుకుంటూ. "ఒక కట్ట పంపమను. బూజు లేనిది."

ఆ మాట చెప్పడానికి షాపుకొచ్చేసరికి వీర్రాజుగారి తోడల్లుడు, పుష్పలతగారు చూడ్డానికొచ్చి ఉన్నారు. ఇద్దరూ హాల్లో కట్టల మధ్య ఒంటికాలిమీద నిలబడ్డట్టున్నారు. గొడుగు తెరవడానికి చోటు లేదు.

చెరువు సంగతి చెప్పాను. వీర్రాజుగారు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"అవునూ అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు ముక్కు మూసుకుని, "ఈ మారిషస్ ఎన్ని రూపాయల ట్రిప్పేంటి?"

వీర్రాజుగారు నావైపు చూసి, హాలంతా ఒకసారి చూసి, పక్కనున్న కట్టమీద దుమ్ము చేత్తో తుడిచారు.

"కూర్చో," అన్నారు. "దీనిమీదే కూర్చో. చెప్తా."