చరిస్తే మోగే బల్ల

నేను ఒక బల్లను. అలాంటి ఇలాంటి బల్లను కాను, శాసనసభలో సభ్యుల ముందుండే టేకు బల్లను. నన్ను చిత్రిక పట్టిన వడ్రంగి చివర్లో అరచేత్తో ఒక్కటి చరిచి, "మంచిగ మోగుతున్నది" అని మురిసిపోయాడు. మోగడమే నా ఉద్యోగమని నాకప్పుడు తెలియదు. సభలో ఏదైనా నచ్చితే బల్లలు చరుస్తారు. ఎన్ని అరచేతులు చూశానో! ఉంగరాలు ఎక్కువ, కాయలు తక్కువ.

కాయలున్న చెయ్యి ఒక్కటే, నన్ను రోజూ తుడిచే అటెండరు దుర్గయ్యది. అతని భార్య సాయవ్వకు గుండెలో కవాటం చెడింది. ఆపరేషన్ చేయకపోతే బతకదన్నారు.

ఆ సమావేశాల్లోనే ప్రభుత్వోద్యోగులకు వైద్యం ఖర్చు భారం తగ్గించే బిల్లు వచ్చింది. కార్డు చూపిస్తే చాలు, ఎంత పెద్ద ఆసుపత్రైనా చేర్చుకోవాలట. దుర్గయ్య మంచినీళ్ళ గ్లాసులు పెడుతూ చెవులు రిక్కించి విన్నాడు. చర్చ అంటూ ఏమీ జరగలేదు. అవతలి పక్షం ఇంకేదో గొడవ మీద అరుస్తుంటే ఆ గోలలోనే బిల్లు ఆమోదం పొందింది. తమకు ఎప్పుడో ఉచిత వైద్యం రాయించుకున్న చేతులన్నీ బల్లలు చరిచాయి. అందరికంటే గట్టిగా మోగింది నేనే. సిగ్గులేకుండా గర్వపడ్డాను కూడా.

సభ ఖాళీ అయ్యాక దుర్గయ్య నా పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. "సాయవ్వా, పాసైంది! ఇగ నీ ఆపరేషన్ అయితది, రంది పెట్టుకోకు." ఫోను జేబులో పెట్టి, అటూ ఇటూ చూసి, తనూ నన్ను ఒకసారి మెల్లగా చరిచాడు.

కాగితాల కోసం వచ్చిన సెక్షన్ ఆఫీసరు ప్రమీల అది చూసి నవ్వింది. "ఏంటి దుర్గయ్యా, హుషారుగా ఉన్నావ్?"

"మా ఇంటామెకు కార్డొస్తది గద మేడం!"

ఆమె ముఖం చిన్నబోయింది. "నీకు జీతమిచ్చేది ఏజెన్సీ కదయ్యా. ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు ఈ చట్టం వర్తించదు."

"నేను పనిజేసేది ఈడనే గద మేడం?"

ఆమె కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. అతన్ని బయట నిలబెట్టిన చట్టానికి సభంతా దద్దరిల్లేలా మోగింది నేను. చివరికి అతని చేతికిందా మోగాను. అతను మళ్ళీ ఇంటికి ఫోన్ చేయలేదు. గుడ్డ తీసుకుని నన్ను తుడుస్తూ ఉండిపోయాడు, తుడిచిన చోటే.

మరుసటి ఏడు సభకు కొత్త బల్లలు వచ్చాయి. నన్ను పాత సామాన్ల గోదాముకు మోసిన నలుగురిలో దుర్గయ్య ఉన్నాడు. సర్కారు దవాఖానాలో వంతు రాకముందే సాయవ్వ పోయింది. దినాలై వారమే అయింది, అతని గుండు మీద ఇంకా వెంట్రుకలు రాలేదు. గుమ్మం దగ్గర నన్ను తిప్పుతూ తోటివాళ్ళను హెచ్చరించాడు.

"జర పైలం, దెబ్బ తగుల్తది."

నా గురించే అన్నాడు.