పావంగుళం జాగా

సైకిలు ఫ్రేముకి వెనక చక్రాన్ని పట్టుకునే చీలికలు రెండుంటాయి. వాటి మధ్య ఎంత ఎడం ఉంచాలన్నది ఇత్తడి కరిగించి అతికే ముందే తేల్చుకోవాలి. అతికాక మనసు మార్చుకుని వంచబోతే ఎక్కడో అక్కడ విరుగుతుంది. చోడవరంలో నా కొట్టుకొచ్చేవాళ్లెవరికీ ఈ సంగతి పట్టదు. రంగేం వేస్తావు పరదేశీ, బెల్లు ఎటు పెడతావు అనే అడుగుతారు. అలాంటిది, ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఆ ఎడం కోసమే ఒక మామా కోడలూ నా కొట్టు ముందు పంతం పట్టారు.

మామ నోవహు మాస్టారు, మిషను బళ్లో పిల్లలకి అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. కోడలు వరమ్మ పురుళ్లు పోసే నర్సు. రావికమతం వైపు ఊళ్లన్నీ అప్పుడే ఆమెకి అప్పగించారు. ఇద్దరికీ మధ్య ఉండాల్సిన ఏసుదానం అంతకుముందేడు విషజ్వరంతో పోయాడు. కాంపౌండరు పని చేసేవాడు. నా కొట్లో కూర్చుంటే నవ్వకుండా ఒక్క మాట చెప్పేవాడు కాదు. అలాంటివాణ్ణి ఎత్తుకుపోడానికి దేవుడికి చేతులెలా వచ్చాయో. మా దేవుడి మీదా, వాళ్ల దేవుడి మీదా నాకిప్పటికీ కోపమే.

ఏసుదానం సైకిలుకి పైగొట్టం ఉంది. చీర కట్టుకుని తొక్కడానికి పనికిరాదు. అందుకని ఆమె కోసం పైగొట్టం లేని ఫ్రేము కడదామని విశాఖపట్నం నుంచి గొట్టాలు తెప్పించాను. ఆడమనిషి సైకిలు తొక్కడమేమిటని బజార్లో కొందరు గొణిగారు. మీ ఇంట్లో నొప్పులొచ్చిన రోజు ఈ మాట అనండి చూద్దాం అన్నాను. ఆ తర్వాత నాకు వినపడేలా ఎవరూ అనలేదు.

చిక్కంతా ఏసుదానం సైకిలు వెనక చక్రంతో వచ్చింది. దాని నడిమధ్య, ఇరుసు చుట్టూ తిరిగే హబ్బు మూడు గేర్లది. సీమకి వెళ్లిపోతూ ఒక డాక్టరు దొర అతనికిచ్చాడు. మామూలు హబ్బు కంటే పావంగుళం వెడల్పు. కొత్త ఫ్రేములో ఆ చక్రమే తిరగాలని మాస్టారి పట్టు. కొడుకు తొక్కిన చక్రం కోడలికి దారిలో తోడుంటుందని ఆయన నమ్మకం. రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని గుడ్డతో తుడిచి, ఒకసారి తిప్పి, ఆ కిటకిట చప్పుడు వింటూ నిలబడేవారు. వరమ్మ మాత్రం మామూలు హబ్బు చాలంటుంది. ఎందుకంటే చెప్పదు.

మొగుడి గుర్తు కళ్ల ముందు లేకుండా చేసుకుంటోందని మాస్టారు నా దగ్గర వాపోయారు. దొర హబ్బు మంచిదే. కాని అంతకుముందొకసారి లోపల విరిగితే, ముక్క మద్రాసు నుంచి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. బిగించింది నేనే. మామూలు హబ్బయితే ఏ ఊళ్లోనైనా ఎవడో ఒకడు బాగుచేస్తాడు. ఈ మాటే చెబితే మాస్టారు మొహం తిప్పుకున్నారు.

ఇక లాభం లేదని, ఒకరోజు బొగ్గులు రాజేసి ఇద్దరినీ పిలిపించాను. ఎడం ఎంతో ఇప్పుడే చెప్పాలన్నాను. మాస్టారు చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. వరమ్మ నిలబడే ఉంది.

"ఈ సక్రం వద్దంటే నా కొడుకుని వద్దన్నట్టే," అన్నారాయన.

అప్పుడు వరమ్మ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఏసుదానం ఉన్న ఆఖరి వానాకాలంలో, రావికమతం అవతల ఒక ఊళ్లో ఒక పడుచుపిల్లకి కాన్పు కష్టమైందని కబురొచ్చింది. అతనే ఆమెని వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. బళ్లు తొక్కిన దారి, మోకాలి లోతు బురద. చెరకు చేల మధ్య హబ్బు లోపల ఏదో విరిగింది. పెడలు తొక్కితే గొలుసు తిరిగిందే గాని చక్రం కదల్లేదు. దారిలో ఉన్న ఒక్క సైకిలు కొట్టువాడూ ఇలాంటిది నేనెరగనని చేతులెత్తేశాడు. సైకిలు అక్కడే వదిలేద్దామని ఆమె బతిమాలింది. అతను వినలేదు. దాన్ని భుజాన మోసుకుంటూ గట్లూ కాలవలూ దాటాడు.

"మేం ఎల్లేసరికి ఆ గుంట పోయింది మావయ్యా," అంది. "ఒళ్లింకా సల్లబడనేదు. ఈ సక్రం అంటే మా నాయినకి పేణం, సెప్పకు అన్నారు మీ అబ్బాయి నాతోటి. ఆ ఏడుపంతా నా కాడే ఏడిసేరు. ఇది తొక్కితే నాకు ఆ గుంట మొకమే కనిపిస్తాది."

విరిగిన హబ్బు తెచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. ఎలా విరిగిందని అడిగాను. ఆ ఒక్క రోజే ఏసుదానం నవ్వలేదు.

మాస్టారి చేతులు చక్రం మీదే ఉండిపోయాయి. బొగ్గులు బూడిద పడుతున్నా నేను కొలిమితిత్తి ముట్టుకోలేదు. చాలాసేపటికి ఆయన లేచి, చక్రాన్ని గోడకి ఆనించారు.

"సాదాదే ఎయ్యి పరదేశీ," అన్నారు. "ఎడం మట్టుకు ఆడి సక్రానికి ఎంత కావాలో అంతే ఉంచు. ఆ కాసింత జాగా ఆడికి ఉండనీ."

అలా అయితే మిగిలే సందు పూడేలా హబ్బుకి రెండు పక్కలా వాషర్లు వెయ్యాలి. నేను వరమ్మ వైపు చూశాను. ఆమె తలూపి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఎడమే ఉంచి అతికాను. పనిలో తప్పేమీ లేదు. చీలికలు కాస్త ఎడంగా ఉంటే టైరుకి పట్టిన బురద గట్టిగా ఇరుక్కోదు. వాషర్లెందుకని ఎవరైనా అడిగితే ఆ కారణమే చెబుతాను.

పాత చక్రం నా కొట్టు గోడకే వేలాడుతోంది. మాస్టారు మళ్లీ దాన్ని తిప్పలేదు.

వానలు పడ్డాయి. వరమ్మ రావికమతం దారిన వెళ్లినప్పుడల్లా ఆయన వెదురుపుల్ల పట్టుకుని మా కొట్టు అరుగు మీద కూర్చునేవారు. ఆమె వచ్చి దిగగానే, సైకిలు తలకిందులు చేసి ఆ చీలికల మధ్య మట్టి గీకడం ఆయన పని. ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. మొదటిసారి ఆమె దిగుతూనే మగబిడ్డ మావయ్యా అంది. ఆయన పుల్ల ఎత్తలేదు.

"తల్లో?" అన్నారు.

"బాగుంది. గంజి తాగింది."

అప్పుడు వంగి, మట్టి గీకడం మొదలుపెట్టారు.