జత లేని మొగ్గ

నేను ఒక అట్టముక్కను. పుట్టుకతో చెప్పుల డబ్బా మూతను. రెండో తరగతికి చెప్పే హైమవతి టీచర్ నన్ను కత్తిరించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో 'మొగ్గ' అని రాశారు. నా జత 'మల్లె'. పక్కపక్కన పెడితే మల్లెమొగ్గ. రెండు మాటలు కలిస్తే ఒక మాటవుతుందని పిల్లలకు నేర్పడం మా పని. కత్తెర మీదికి వచ్చినప్పుడు పట్టుకున్న వణుకు నాకింకా తగ్గలేదు.

తగ్గేదెలా? జత దొరకని ముక్క మధ్యాహ్న భోజనం వండే అప్పలనర్సమ్మకి పోతుంది. తడి కట్టెలు రాజుకోవడానికి అట్ట భలే పనికొస్తుందట. 'వాన' చిరిగిపోయిన రోజున 'పాము' అలాగే వెళ్లింది. మనుషులు మాటల్ని ఎంత ముద్దుగా నేర్పుతారో, పప్పు ఉడకాల్సి వస్తే అంత తేలిగ్గా కాల్చేస్తారు.

మొన్న శనివారం మల్లె మాయమైంది. ఎవరో పిల్ల పువ్వే కదా అని జడలో తురుముకుని ఇంటికి పోయిందట! సోమవారం నేలమీద అందరూ జతలు కడుతున్నారు. 'కంటి' పక్కకి 'పాప' చేరింది. నా పక్కన ఖాళీ. అంతలో గుమ్మంలో అప్పలనర్సమ్మ.

"ఏటి టీచరమ్మా, ఇయాల అట్టలేవీ నేవా? పొయ్యి అంటుకోట్నేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. టీచర్ చెయ్యి నా మీదికి వస్తోంది. ఇంతలో ఢిల్లేశ్వరి, ఆ తరగతిలో అస్సలు నోరు విప్పని పిల్ల, 'అడవి' పక్కనున్న 'పిల్లి'ని లాగి నా పక్కన పెట్టింది.

తరగతి ఘొల్లుమంది. "పిల్లికి మొగ్గేటే!"

టీచర్‌కీ నవ్వొచ్చింది. "మొగ్గ చెట్టుకి కదమ్మా ఉంటుంది? ఏదీ, చెప్పు."

 ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఢిల్లేశ్వరి లేచింది. గౌను కాళ్ల మధ్య బిగించి, తల నేలకి ఆనించి, గిర్రున తిరిగి అవతల పడింది.

"పిల్లిమొగ్గ!" అందరూ ఒకేసారి అరిచారు. టీచర్ చప్పట్లు కొట్టారు. అందులో పిల్లీ లేదు, పువ్వూ లేదు. అయినా నేను బతికాను.

అప్పుడు చూశాను 'అడవి'ని. దాని పక్కన ఎవరూ లేరు.

"మరి ఆ అడవి ముక్క అప్పలనర్సమ్మకి ఇచ్చెయ్యండర్రా," అన్నారు టీచర్. పిల్లలు వెతికారు. దొరకలేదు. ఇంటర్‌బెల్ కొట్టారు. పిల్లిమొగ్గలు వెయ్యడానికి అందరూ బయట ఇసుకలోకి పరుగెత్తారు.

ఢిల్లేశ్వరి మాత్రం కూర్చున్న చోటే ఉంది. గౌను కిందనుంచి అట్ట అంచు కొంచెం కనబడుతోంది. అప్పలనర్సమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. పిల్ల కదల్లేదు.