దూది మింగిన మాట

"కాళ్ళు నరికిస్తానన్నాడు!" అంటూ బావ సోఫా మీంచి లేచి నిలబడ్డాడు.

"పెళ్ళి జరిపిస్తానన్నాడు," అన్నాడు బావమరిది కదలకుండా. "నీ చెవుల్లో దూది పేరుకుంది బావా."

టీవీలో మీసాలాయన ఒక కుర్రాడి కాలరు పట్టుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆ మీసాలకే తెలియాలి. అంతలోనే ప్రకటనలు వచ్చేశాయి.

"పెళ్ళి చేసేవాడు కాలరెందుకు పట్టుకుంటాడ్రా?"

"కొలతకి. పెళ్ళికొడుక్కి చొక్కా కుట్టించొద్దూ?"

"కళ్ళు మెరిపిస్తానన్నాడుగా, మీకేమిటర్రా గోల?" అంది మూల కుర్చీలోంచి పిన్ని. ఆవిడ బావమరిదికీ, వాడి అక్క అయిన బావ భార్యకీ పిన్ని. ఆవిడకు చెవుడని ఇంటిల్లిపాదీ ఎప్పుడో తేల్చేశారు కనక ఆ మాట లెక్కలోకి రాలేదు.

బావ సోఫాలకు ఫోము పెట్టి గుడ్డ కుడతాడు. బావమరిది వాటికి చెక్క ఫ్రేములు చేస్తాడు. ముందు గదిలో ఇద్దరి దుకాణం, వెనక హాలు. వీడు లేకపోతే బావ పని ఎముకల్లేని మాంసం. బావ లేకపోతే వీడిది మాంసం లేని ఎముకలు.

టీవీ కొన్ననాటి నుంచీ దాని గొంతు పీలే. స్పీకరు డబ్బాలు కొందామంటే బావ భార్య ససేమిరా అంది. "నా హాల్లో ఒక్క వైరు వేలాడిందా, దానికే మిమ్మల్నీ వేలాడదీస్తా!" అంత స్పష్టంగా ఆ టీవీ ఏనాడూ మాట్లాడలేదు. అందుకని బావమరిది గోడకు చక్కటి చెక్క అర బిగించి, వైర్లన్నీ దాని వెనక దాచి, టీవీని అందులో ఒదిగించాడు. హాలు అద్దంలా తయారైంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఖాళీ కనబడితే కుక్కడం బావ వృత్తి. అర లోపల పక్కలకూ అడుగుకూ వెనక్కూ దళసరి ఫోము పరిచి, పైన మఖమలు లాగి పిన్నులు కొట్టేశాడు. పరుపు మీద మనిషికి హాయి అయితే మాటకు మాత్రం కాదా అని ఆయన లెక్క. మాటకూ హాయిగానే ఉంది. పడుకుంది, మళ్ళీ లేవలేదు.

"తప్పు నా చెవులది కాదు, నీ పెట్టెది," అన్నాడు బావ. "అది అర కాదురా, శవపేటిక."

బావమరిది మొహం ఎర్రబడింది. వాడి చెక్కను ఒక మాట అంటే వాణ్ణి చెప్పుతో కొట్టినట్టే. "నా పనికి వంక పెడతావా? రేపే నా ఉలులు సర్దుకుని పోతా. నీ దూదిని నువ్వే కౌగిలించుకుని కూర్చో!"

బావకు ముందు దుకాణం గుర్తొచ్చింది. వీడు పోతే దుకాణం మూతే. ఆ భయం భయంగా బయటికొస్తే సరిపోను. బూతుగా వచ్చింది.

బావమరిది పిడికిలి ఆయన ముక్కు మీద దిగింది. పటుక్కుమంది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో స్పష్టంగా వినబడ్డ మొదటి చప్పుడు అదే. నెత్తురు గడ్డం మీదుగా చొక్కాలోకి దిగుతుంటే బావ తల వంచి పోట్లగిత్తలా దూసుకుపోయి వాడి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లింది. ముందు పన్నొకటి ఊడి నేల మీద దొర్లింది.

"తివాచీ! తివాచీ మీద పడనివ్వకండి!" అని అరిచింది భార్య.

ఇద్దరూ దుకాణంలోకి పరిగెత్తి పనిముట్లతో తిరిగొచ్చారు. బావమరిది చేతిలో చెక్క సుత్తి, బావ చేతిలో పిన్నులు కొట్టే గన్ను. సుత్తి భుజం మీద పడేసరికి బావకు చెయ్యి వేళ్ళదాకా చచ్చుబడింది. రెండో చేత్తో గన్ను వాడి తొడకానించి నొక్కాడు.

"అమ్మో! పిన్ను దిగిందే అక్కా!"

"నేనెక్కడికి ఎక్కాన్రా దిగడానికి?" అంది పిన్ని.

బావమరిది సుత్తి పారేసి రెండు చేతులా బావ గొంతు పట్టుకున్నాడు. వెనక్కి నెట్టి అరకు అదిమాడు. బావ కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఏళ్ళ తరబడి ఎంత ఎగిరినా కిర్రుమనని ఫ్రేములు బిగించిన వేళ్ళవి. పట్టులో పనితనం తెలుస్తూనే ఉంది. ఊపిరాడక చెయ్యి వెనక్కి చాచాడు. ఫోము అంచు దొరికింది. ప్రాణం కొద్దీ లాగాడు.

పర్రుమంది. పిన్నులు చిల్లర విసిరినట్టు ఎగిరిపడ్డాయి. చర్మం ఒలిచినట్టు పరుపంతా ఊడి వచ్చింది. టీవీ ఒక కొక్కేనికే వంకరగా వేలాడింది.

"నా కూతుర్ని చూసి ఇకిలిస్తే పళ్ళు పెరికిస్తా!"

హాలంతా దద్దరిల్లింది. ప్రకటనలయ్యాక ఆ ముక్కే మళ్ళీ వేస్తున్నారు. బావమరిది వేళ్ళు వదులయ్యాయి. అందరూ నేల మీది పన్ను వైపు చూశారు.

"ఆయన అన్నాడు, నువ్వు చేశావు," అన్నాడు బావమరిది, పంటి సందులోంచి గాలి పోతుంటే.

భార్య టీవీ వెనక్కి తొంగిచూసింది. "ఇలా రండి ఇద్దరూ. ఈ చిల్లులు చూడండి. దీని నోరు వెనకుంది. వెనక్కి పోయిన మాట చెక్కకు తగిలి మనవైపు తిరగాలి. ఈయనగారు ఆ చెక్కకు పరుపేశారు, అది మాటంతా తాగేసింది. మీ చెవులూ బాగానే ఉన్నాయి, వాడి పెట్టె కూడా బాగానే ఉంది."

బావ ముక్కు పట్టుకుని ఆ నున్నటి చెక్కను చూశాడు. "మంచి పనేరా. నేనే కప్పెట్టేశాను."

బావమరిది తొడలోని పిన్ను పీకి పక్కన పెట్టాడు. "రేపు అడుగున ఏటవాలుగా ఒక పలక వేస్తా. మాట సూటిగా సోఫాకొస్తుంది, డబ్బా అక్కర్లేదు, వైరూ కనబడదు. నువ్వు మాత్రం దూదితో దాని దరిదాపులకు రాకు."

ఇందాకటి రేపు వేరు, ఈ రేపు వేరు. బావకు వాచిన గొంతులోంచి ఊపిరి చల్లగా దిగింది.

ఈలోగా పిన్ని లేచి వచ్చింది. "అయితే నాకు చెవుడు లేదన్నమాట! ఇన్నాళ్ళూ నన్ను చెవిటిదాన్ని చేసింది మీ పరుపా? అల్లుడుగారూ, ఏమీ అనుకోకండి," అని బావ చెంప ఒకటి వాయించింది. బావమరిదికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు.

ఆ రెండు చప్పుళ్ళూ చెక్కకు తగిలి హాలంతా మోగాయి.