డెబ్బై ఐదు మాటలు

ఇలా దగ్గరికి రా తల్లీ, ఆ కుర్చీ ఇటు లాక్కో. నా గొంతు ఈ మధ్య దూరం పోవడం లేదు. సిరిల్ పినక్ అనే మనిషి సంగతి చెబుతాను. గొప్పవాడేం కాదు. పేపర్లో ఏనాడూ పేరు పడలేదు. థేమ్స్ ఒడ్డున పార్లమెంటు పెద్దల సభలో, దొరలు కోట్లు విడిచే గదిలో నలభై ఒక్క ఏళ్ళు నిలబడ్డాడు, అంతే.

1999 నవంబరులో ఒక గురువారం. పొద్దున్నే సిరిల్ ఎడమచేత్తో కోటు భుజం ఎత్తిపట్టి, కుడిచేత్తో బ్రష్షును పైనుంచి కిందికి లాగుతున్నాడు. పొడుగాటి మనిషి. గోడ వంకీలకు కోట్లు ఎత్తి ఎత్తి కుడి భుజం ఎడమదానికన్నా ఒక అంగుళం పైనే నిలిచిపోయింది. తడి ఉన్ని పట్టుకుని వేళ్ళ చివర్లు ముసలివాళ్ళ బుగ్గల్లా మెత్తబడ్డాయి. కళ్ళు మూసుకుని కోటు తాకితే చాలు, ఎవరిదో చెప్పేవాడు. ఒకదానికి గుర్రాల వాసన, ఒకదానికి కలరా ఉండల వాసన, ఇంకొకదానికి చుట్ట. కిటికీలోంచి నది మీది మంచు వెలుతురు పడితే ఆ కోట్లన్నీ నిలబడి నిద్రపోతున్న మనుషుల్లా ఉండేవి. వాళ్ళను లేపకూడదన్నట్టు సిరిల్ మునివేళ్ళ మీద నడిచేవాడు.

ప్రతి వంకీ మీదా ఒక చీటీ ఉండేది. దాని మీద ఉండేది మనిషి పేరు కాదు, బిరుదు. తండ్రి పోతే కొడుకు వచ్చి అదే వంకీకి కోటు తగిలించేవాడు. చీటీ మార్చే పని ఉండేది కాదు. కొన్ని చీటీలైతే సిరిల్ వాళ్ళ నాన్న రాసినవే. ఆయనా ఆ గదిలోనే పనిచేశాడు మరి.

ఆ రోజుతో అదంతా సరి. పుట్టుకతో వచ్చిన సీట్లు ఇక చెల్లవని చట్టం చేశారు. ఆరువందల మందికి పైగా లేచి వెళ్ళిపోవాలి. తొంభై రెండు మంది మాత్రం ఉంటారు, వాళ్ళలో చాలామందిని తమలో తామే ఓట్లు వేసుకుని ఎన్నుకున్నారు. పోటీ చేసేవాడు తానెందుకు ఉండాలో డెబ్బై ఐదు మాటలు దాటకుండా రాసి గుమాస్తాకు ఇవ్వాలని నియమం.

సిరిల్ గుండెలో ముల్లు అక్కడే దిగింది. నెల కిందట ముసలి దొర ఎల్లర్‌డెన్ బల్ల మీద ఒక కవరు పెట్టి, “గుమాస్తాగారికి ఇచ్చెయ్యి సిరిల్” అన్నాడు. సిరిల్ చేతుల్లో అప్పుడు నాలుగు తడి కోట్లున్నాయి. “అలాగే” అన్నాడు. ఆ తర్వాత చేతులు వాటి అలవాటు పని అవి చేసేశాయి. దొరలు మరిచిపోయిన కళ్ళజోడైనా, ఉత్తరమైనా, పళ్ళసెట్టైనా చదవకుండా చూడకుండా వాళ్ళ కోటు జేబులో వేసెయ్యాలి. ఆ గది ఆచారం అది, తండ్రి నేర్పిన మొదటి పాఠం. కవరూ అలాగే ఆ ముసలాయన కోటు జేబులోకి వెళ్ళిపోయింది. పోటీదారుల పట్టీ అచ్చయి వచ్చి, అందులో ఎల్లర్‌డెన్ పేరు లేకపోయేసరికి సిరిల్‌కు ఆ కవరు గుర్తొచ్చింది. అప్పటికే గడువు దాటింది. ఆ ముసలాయన సీటు పోవడానికి కారణం తనే. అప్పటినుంచీ తిండి సహించడం లేదు. ఇవాళ చెప్పకపోతే ఇక ఏనాడూ చెప్పలేడు.

పదకొండు గంటలకు టీ గదిలో పనిచేసే బ్లాడ్వెన్ కప్పు పట్టుకొచ్చింది. వేల్స్ మనిషి, నోటికి తలుపుల్లేవు.

“ఏమయ్యా, మొహం అలా వేలాడేశావు? దొరలు పోతున్నారనా?”

“నీ టీ అక్కడ పెట్టి నీ పని చూసుకో.”

“మా నాన్న బొగ్గు గనిలో పోయాడు. ఆయన గునపం పట్టుకొచ్చి నేను చట్టాలు చేస్తానంటే రానిచ్చేవాళ్ళా? తాత పేరు చెప్పుకుని ఎన్నాళ్ళు కూచుంటారు మరి.”

“తప్పని నేనన్నానా? పోవాల్సిందే.”

“పోతే అందరూ పోవాలి. ఇల్లు కడుగుతామని చెప్పి సగం గదికి తాళం వేసుకున్నారు. ఖాళీ అయిన కుర్చీల్లోకి ఎవరొస్తారు చెప్పు? పైవాళ్ళకి నచ్చినవాళ్ళు. వీళ్ళు తాత తాలూకు, వాళ్ళు స్నేహితుడి తాలూకు. మనం ఓటేసింది ఎవరికి?”

“మీ వేల్స్‌కు కార్డిఫ్‌లో కొత్త సభ పెట్టారుగా, దానికి వేశారు.”

“పెట్టారు. ఓట్ల రోజున మా అక్క జుట్టు కత్తిరించుకోడానికి పోయింది. ఊళ్ళో సగం మందిది అదే వరస.” బ్లాడ్వెన్ ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుంది. “అయినా నీకు చెప్పేదేంటి. నువ్వూ మీ నాన్న వంకీకేగా వేలాడుతున్నావు.”

సిరిల్ నవ్వాడు. ఆ రోజు మొత్తంలో నవ్వింది అదొక్కసారే.

మధ్యాహ్నం నుంచి కోట్లు ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోయాయి. ఒక దొర తన చీటీ తనే ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. ఒకాయన ఏదో హాస్యమాడబోయి, మధ్యలో ఆగి, ముక్కు చీదుకున్నాడు. వంకీలు బోసిపోయిన కొద్దీ గది పొడుగు పెరుగుతున్నట్టుంది. సిరిల్ నడుస్తుంటే, నీళ్ళలో నడుస్తున్నట్టు, తన అడుగుల చప్పుడు తనకే ఆలస్యంగా వినిపించింది. ఏ వంకీ ముందు నిలబడినా పాత వాసన ఇంకా అక్కడే తేలుతోంది, మనిషి లేడు.

దీపాలు వేసే వేళకు ఎల్లర్‌డెన్ వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు. మెడ సన్నబడి కాలరు దానికి వదులైంది, చెవిలో వినికిడి మిషను. సిరిల్ కోటు తెరిచి పట్టుకున్నాడు. కానీ ఆయన చెయ్యి చాపకముందే సిరిలే నోరు తెరిచాడు.

“దొరగారూ, ఒక తప్పు చేశాను. మీరిచ్చిన కవరు గుమాస్తాగారికి అందలేదు. మీ జేబులోనే వేసేశాను.”

ముసలాయన ఆ కోటు జేబు తట్టాడు.

“తెలుసు. ఆ సాయంత్రమే బస్సులో చేతికి తగిలింది.”

“గడువింకా ఉందిగదా దొరగారూ అప్పటికి.”

“మూడు రోజులుంది. ఇంటికెళ్ళి దీపం దగ్గర మాటలు లెక్కపెట్టుకున్నాను సిరిల్. మా తాత గురించి నలభై పట్టాయి. నాన్న గురించి ముప్పై. నాకు ఐదు మిగిలాయి.”

దొరలను ప్రశ్న అడగడమన్నది సిరిల్ ఎరగడు. ఆ రోజు అడిగాడు. “ఏం రాశారు, దొరగారూ?”

“రోజూ వచ్చాను. అందరూ చెప్పింది విన్నాను.” ఆయన చేతిని మెల్లగా కోటులోకి దూర్చాడు. “ఐదు మాటలకు ఓటెవడేస్తాడు? నేనే వేసుకోను. అందుకే మళ్ళీ నీకివ్వలేదు. నువ్వు మరిచిపోయుంటావనుకున్నాను. నెల రోజులు దీనికా ఇలా చిక్కిపోయావు?”

సిరిల్ బొత్తాలు పెట్టాడు. పై బొత్తం పెడుతున్న వేళ్ళ మీద ముసలాయన తన చెయ్యి వేసి ఉంచాడు. తర్వాత కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి, నడవాలోకి వెళ్ళాడు. వెనక్కి తిరగలేదు. వసంతం రాకముందే పోయాడని పేపర్లో రెండు వరసలు పడ్డాయి.

కొన్నాళ్ళకేనని చెప్పి ఉంచిన ఆ తొంభై రెండు సీట్లున్నాయే, ఒకరు పోతే ఇంకొకరిని తెచ్చుకుంటూ ఇరవై ఏళ్ళు దాటించారు. అవన్నీ పుస్తకాల్లో ఉంటాయిలే. పుస్తకాల్లో లేనిది నీకు చెప్పాను, నువ్వు ఇంకొకరికి చెప్పు. చెప్పేటప్పుడు చివర్న ఇది వదిలెయ్యకు: సిరిల్ దీపం ఆర్పబోతుంటే ఎక్కడినుంచో సన్నటి చప్పుడు వినిపించింది, చూస్తే కిటికీ గట్టు మీద ఎల్లర్‌డెన్ తీసిపెట్టి వెళ్ళిన చెవి మిషను, ఎవరి చెవిలోనూ లేకుండా, తనలో తను సన్నగా ఈల వేసుకుంటూ ఉంది.