వెయ్యి కాపీల మీద ఒక ఫోన్ నంబరు

నేను ఒక పొరపాటు వల్ల పుట్టిన రబ్బరు స్టాంపును. అందుకు నాకేమీ చిన్నతనం లేదు. పొరపాటు చేసింది బాగా చదువుకున్నవాళ్లు.

హైమ విజయవాడలో ఆరేళ్లపాటు చిన్న చిన్న కొట్లకు కరపత్రాలు రాసిపెట్టింది. టిఫిన్ సెంటరైనా, టైలర్ షాపైనా ఆమె చెప్పే మొదటి మాట ఒకటే: "మీ ఫోన్ నంబరు లేని కాగితం బయటికి పంపకండి." ఆ అనుభవమంతా కలిపి 'కొట్టు తెరిచాక ఏం చేయాలి?' అని పుస్తకం రాసి, తానే ప్రచురించింది. ప్రూఫులు పెళ్లయిన మూడో రోజున వచ్చాయి. భర్త కిరీటి పక్కన కూర్చుని దిద్దింది. ఒక్క అక్షరదోషం మిగల్లేదు. ఫోన్ నంబరు మాత్రం పడలేదు.

వెయ్యి కాపీలూ ఇంటికొచ్చాక చూసుకుంది.

"పాఠకుల్లో పదిమందైనా ఫోన్ చేస్తేనే రెండో పుస్తకం, లేకపోతే మళ్లీ కరపత్రాలే అనుకున్నానండీ. ఇప్పుడు ఎక్కడికి చేస్తారు?"

"రచయిత్రి మొదటి అధ్యాయం చదివినట్టు లేదు," అన్నాడు కిరీటి.

"నవ్వకండి!" అంటూ తనే నవ్వేసింది.

గంటలో గఫూర్ గారి స్టాంపుల కొట్లో నేను తయారయ్యాను. "అంకెలు ఇంకోసారి చూస్కోండమ్మా, రబ్బరుకు దిద్దుబాటు ఉండదు," అన్నాడాయన. ఇంటికెళ్లాక ఆమె పుస్తకం అందించడం, అతను నన్ను అట్టమీద అద్దడం. గంట పని వాళ్లకు రెండు రోజులు పట్టింది. కొత్త దంపతులకు వేళ్లు ఊరికే తగులుతూ ఉంటాయని అప్పుడే తెలిసింది.

పుస్తకాలు షాపులకు చేరాయి. ఐదు రోజులు ఫోన్ మోగలేదు. నాలోనే ఏదో అంకె తప్పిందేమోనని నాకు అనుమానం పట్టుకుంది. కిరీటి ఒక కాపీ తీసి, అట్ట చూస్తూ నంబరు నొక్కాడు. వంటింట్లో ఫోన్ మోగింది. హైమ పేరైనా చూడకుండా ఎత్తింది.

"మీ పాఠకుణ్ణండీ. కాఫీ దొరుకుతుందా?"

"ఛీ, మీరా!"

పోనీలే, అంకెలు సరైనవే అని ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు గుడివాడ నుంచి దోసెపిండి అమ్మే సామ్రాజ్యమ్మ ఫోన్ చేసింది. "ఏవమ్మా, బుక్కు రాసింది నువ్వేనా? నువ్వు చెప్పినట్టు పొద్దున ఆరింటికే కొట్టు తెరిచా. ఎనిమిదికల్లా పిండి అయిపోయింది. ఆనక వచ్చినోళ్లంతా నన్ను తిడతన్నారు. దానికేం చెయ్యాలో ఏ పేజీలో రాశావు?"

హైమ కళ్లు తుడుచుకుంటూ, "రెండో పుస్తకంలో రాస్తానండీ!" అంది.

నెల తిరక్కుండానే పదో ఫోన్ వచ్చింది, హైమ రెండో పుస్తకం మొదలుపెట్టింది. వెయ్యి కాపీలూ అమ్ముడుపోయాక వేసిన మొదటి పుస్తకం రెండో ముద్రణలో నంబరు అచ్చులోనే పడింది. నాకు ఉద్యోగం పోయింది. పోయిన ఉద్యోగానికి ఇంత సంబరపడిన స్టాంపు ఇంకొకటి ఉండదేమో. కిరీటి నన్ను చివరిసారిగా సిరాలో ముంచి, తన కుడి అరచేతిమీద అద్దుకున్నాడు.

"ఇదేంటండీ?"

"నేనెక్కడైనా తప్పిపోతే ఈ నంబరుకు ఫోన్ చేసి అప్పగిస్తారు."

ఆ రోజు అతను ఎడమచేత్తో అన్నం తిన్నాడు.